డిప్‌స్టిక్‌లో ఆయిల్ ఉంది, మీటర్‌లో లైటు పోదు: సెన్సార్ మార్చేయాలా, ముందు వైరు చూడాలా?

బెజవాడ డీజిల్:
2013 మోడల్ జర్మన్ డీజిల్ సెడాన్ నాది. కొద్ది రోజులుగా మీటర్‌లో పసుపు రంగు ఆయిల్ డబ్బా గుర్తు మిణుకుమంటోంది, ఆయిల్ సెన్సార్‌ని వర్క్‌షాప్‌లో చూపించమని మెసేజ్. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీతకు కాస్త కింద ఉంది, అంతా బాగానే ఉంది. స్కాన్ చేయిస్తే 00562 కోడ్, పక్కన ‘ఓపెన్ లేదా షార్ట్ టు ప్లస్’ (వైరు తెగిందో, ప్లస్ వైరుకి తగులుతోందో) అని వచ్చింది. కోడ్ చూడగానే వర్క్‌షాప్ వాళ్లు “సెన్సార్ పోయింది, మార్చాలి, ఆయిల్ కూడా కొత్తది పోయాలి” అన్నారు. బండి కిందికి ఎవరూ తొంగి చూడలేదు. ఆ ఆయిల్ పోయించి ఎన్నాళ్లో కాలేదు. ఏం చేయమంటారు?

నల్గొండ గ్యారేజ్:
మార్చేయండి. ఆ సెన్సార్ ఆయిల్ సంపు (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున రోడ్డుకు ఎదురుగా ఉంటుంది. మన స్పీడ్ బ్రేకర్లు, గుంతల్లో నీళ్లు, రాళ్లు అన్నీ దానికే తగులుతాయి. మూడు బోల్టులు, ఒక సీలు, పని అయిపోతుంది. వైరు ఎక్కడ తెగిందో వెతుకుతూ పూట గడిపితే ఆ లేబర్ సెన్సార్ ఖరీదుకు దగ్గరపడుతుంది. అప్పుడు తిట్లు తినేది మేమే.

మల్టీమీటర్ మామ:
కోడ్ ‘సెన్సార్ పోయింది’ అని చెప్పలేదు. ఆ సర్క్యూట్‌లో సిగ్నల్ సరిగా రావడం లేదని మాత్రమే చెప్పింది. తెగింది సెన్సార్ లోపలా, ప్లగ్ దగ్గరా, మీటర్ దాకా పోయే వైరులోనా అన్నది కోడ్‌కి తెలీదు.

ముందు ఖర్చు లేని పని. ఈ సెన్సార్ లెవెల్‌తో పాటు ఆయిల్ టెంపరేచర్ కూడా చెబుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్, కూలెంట్ టెంపరేచర్ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ బయటి వేడికి దగ్గరగా ఉండాలి. కూలెంట్ 28 అని, ఆయిల్ దగ్గర నమ్మశక్యం కాని అంకె గానీ ఖాళీ గానీ ఉంటే సిగ్నల్ రావడం లేదు. రెండూ కలిస్తే లోపం వచ్చీపోయే రకం. అది ఎక్కువగా ప్లగ్‌లోనే దొరుకుతుంది.

తర్వాత ప్లగ్ ఊడదీయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. ప్లగ్‌లో మూడు పిన్నులు: సప్లై, ఎర్త్, సిగ్నల్. వైరు వైపు, ఇగ్నిషన్ ఆన్‌లో, సప్లై పిన్ను దగ్గర బ్యాటరీ ఓల్టేజీ రావాలి. రాకపోతే ఫ్యూజు చూడండి. ఇగ్నిషన్ ఆపేసి, ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే దాదాపు సున్నా ఉండాలి. సిగ్నల్ మాత్రం పల్స్‌లుగా వెళ్తుంది, మామూలు మీటర్‌తో సరాసరి ఓల్టేజీ తప్ప ఏమీ తెలీదు. దానికి ఆ పల్స్‌లను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోపు కావాలి.

ప్లగ్ లోపల ఇంజిన్ ఆయిల్ తడి కనిపిస్తే ఆయిల్ సెన్సార్ బాడీలోంచి కారుతున్నట్టు. అప్పుడు గ్యారేజ్ గారి మాటే కరెక్టు, మార్చాల్సిందే. పచ్చటి చిలుము కనిపిస్తే అది నీళ్ల పని, సెన్సార్‌ని తిట్టి లాభం లేదు.

హైవే రాజు:
ఎందుకింత టెన్షన్? ప్లగ్ పీకి పక్కన కట్టేసి, వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకోండి. మా నాన్నగారి అంబాసిడర్‌కి ఈ సెన్సార్ ఎక్కడుంది? ఆయన లక్షల కిలోమీటర్లు తిరిగారు.

స్టుట్‌గార్ట్ తెలుగబ్బాయి:
డిప్‌స్టిక్ ఉంది కాబట్టి అలా అంటున్నారు రాజు గారూ. ఇక్కడ నా కారుకి అదే లేదు. ఇంజిన్ వేడెక్కాక చదునైన చోట ఆపి, కొన్ని నిమిషాలు ఆగితే లెవెల్ ఎంతో స్క్రీనే చెప్పాలి.

ఇంకోటి, ఆయిల్ ఎక్కువైనా కొన్ని బళ్లలో ఇదే సెన్సార్ హెచ్చరిస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండిని ఊళ్లో చిన్న దూరాలకే వాడితే, ఫిల్టర్‌లో మసి కాల్చే పని మాటిమాటికీ మధ్యలో ఆగి, దాని కోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత సంపులోకి దిగుతుంది. లెవెల్ పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక ఇది అక్కడి సమస్య కూడా. ప్లగ్ పీకేసిన వాళ్లకి ఇది ఎలా తెలుస్తుంది?

హైవే రాజు:
డిప్‌స్టిక్‌లోనే తెలుస్తుంది తమ్ముడూ. గీత దాటుతుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన కొడుతుంది. పైగా ఆయనది 2013 బండి, బీఎస్6 గొడవ దానికెందుకు?

మల్టీమీటర్ మామ:
ఆ రెండూ నిజమే. కానీ మీరు వారానికోసారి చూస్తారు, సంపుకి రాయి మాత్రం మధ్యలో ఎప్పుడైనా తగలొచ్చు. ప్లగ్ పీకితే పసుపు లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నిజంగా ఆయిల్ కారిపోయిన రోజున తేడా కనపడదు. ఎరుపు లైటు ఉందిగా అంటారేమో. అది ప్రెషర్ స్విచ్, వేరే వ్యవహారం. లెవెల్ పడిపోయి పంపు గాలి పీల్చడం మొదలెట్టాక వెలుగుతుంది. అప్పటికి బేరింగులు దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. ఎరుపు వెలిగితే ఎక్కడున్నా ఇంజిన్ ఆపేయాలి, పసుపు దానికంటే ముందు మాట్లాడే లైటు. దాని నోరు మనమే కట్టేస్తే ఎలా?

అన్నట్టు, సెన్సార్ కోడ్ లేకుండా ‘ఆయిల్ చూడండి’ అని మాత్రమే వస్తూ, ఆయిల్ పోసినా పోకపోతే బోనెట్ స్విచ్ చూడండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బళ్లలో బోనెట్ తెరిచినట్టు తెలిస్తేనే ఆ హెచ్చరిక రీసెట్ అవుతుంది.

నల్గొండ గ్యారేజ్:
మామ గారి పరీక్షలు ఆదివారం ఇంటి ముందు బాగుంటాయి. గ్యారేజీలో లిఫ్టు మీద ఒక బండి ఉంటే ఇంకోటి ఎక్కదు. వైరు శుభ్రం చేసి పంపిస్తే వారంలో మళ్లీ లైటు వచ్చిందని కస్టమర్ గుమ్మం ముందు నిలబడతాడు, అప్పుడు డబ్బులెవరిస్తారు? కొత్త పార్టుకైతే వారంటీ ఉంది. మార్చేటట్లయితే లోకల్ కాపీ మాత్రం వేయించకండి, కొత్తగా వేసిన దాంతోనే లైటు తిరిగొస్తుంది.

బెజవాడ డీజిల్:
చూశాను. పొద్దున కూలెంట్ 27, ఆయిల్ దగ్గర అర్థం లేని అంకె. సప్లై వచ్చింది. ఎర్త్ పిన్ను దగ్గర మీటర్ కుదురుగా నిలవలేదు, ప్లగ్ కదిపితే రీడింగ్ మారుతోంది. లోపల ఆయిల్ లేదు, ఆ ఒక్క పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను కాస్త బిగించి పెట్టాక ఆయిల్ టెంపరేచర్ కూలెంట్‌తో కలిసింది. కోడ్ చెరిపాక తిరిగి రాలేదు.

నల్గొండ గ్యారేజ్:
మంచిది. పైన రబ్బరు సీలు చెదిరి ఉంటేనే ప్లగ్‌లోకి నీళ్లు వచ్చి ఉంటాయి, అది మార్చారా? లేదంటే ఒక వాన పడనివ్వండి, అప్పుడు మాట్లాడదాం.