ఇంటికి ఒకే కారు: అది జిమ్నీ కావచ్చా?

పాడేరు మాస్టారు:
మా ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, మా అమ్మ. పాత చిన్న కారు ఇచ్చేసి కొత్తది కొనాలి. రెండో కారు కొనే స్థోమత లేదు. మారుతి వాళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, ఐదు తలుపుల జిమ్నీ మీద మనసు పడింది. నేను బడికి వెళ్లే దారి చాలావరకు తారు రోడ్డే. చివరి ముక్క మాత్రం ఎర్రమట్టి, రాళ్లు, మధ్యలో ఒక గెడ్డ (వాగు). ఎండాకాలంలో ఏ బండైనా పోతుంది. వానలు మొదలైతే బైకు కూడా జారిపోతుంది. ఇక నెలకోసారి అమ్మను విశాఖలో డాక్టరుకు చూపించాలి. మిత్రులందరిదీ ఒకటే మాట: అది సరదా బండి, సంసారానికి పనికిరాదు. రోజూ వాడే కారుగా దీన్ని కొనవచ్చా, కూడదా? వాడినవాళ్లు, బాగా ఎరిగినవాళ్లు సూటిగా చెప్పండి.

కూకట్‌పల్లి వాసి:
మీ మిత్రుల పక్షమే నేను. మా తమ్ముడి దగ్గర ఈ బండి ఉంది, హైదరాబాద్‌లో నేనూ నడుపుతుంటాను. కారణాలు చెప్పకుండా వద్దనడం న్యాయం కాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు సీట్లు. ఇది నలుగురి బండి. వెనక మధ్యలో ఐదో మనిషికి సీటూ లేదు, బెల్టూ లేదు. మీరు నలుగురే, సరే. పండక్కి చెల్లెలు వస్తుంది, మామగారు వస్తారు. అప్పుడు ఎవరిని ఇంట్లో వదిలి గుడికి వెళ్తారు? 2023 జూన్‌లో బండి విడుదలైనప్పుడు షోరూము ధరే 12.74 లక్షల నుంచి 15 లక్షల పైదాకా ఉంది. అంత పెట్టి నలుగురికే చోటు కొనుక్కోవడం నాకు మింగుడుపడదు.

డిక్కీ 208 లీటర్లు. దాదాపు అంతే పొడవున్న బ్రెజాకు 328. వెనక సీట్లు మడిస్తే జిమ్నీలోనూ 332 వస్తుంది, కానీ అప్పుడు మనుషులు ఇద్దరే. వెనక తలుపు పైకి లేవదు, స్టెప్నీ బరువు మోస్తూ పక్కకు తెరుచుకుంటుంది. మా సెల్లార్‌లో బండ్లన్నీ గోడకు ఆనించి పెడతాం. తమ్ముడు బియ్యం బస్తా దించాలంటే ముందు బండిని ఇవతలకు తీయాలి. ఇలాంటివి షోరూములో ఎవరూ చెప్పరు.

చిన్న బండి కదా, ఊళ్లో సులువుగా తిరుగుతుందనుకుంటారు. అందులో సగమే నిజం. వెడల్పు 1645 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ 1735. అందుకే ఇరుకు సందులో జిమ్నీ హాయిగా దూరిపోతుంది. తీరా ఆ సందులో వెనక్కి మళ్లాల్సి వస్తే 5.7 మీటర్ల వ్యాసార్థం కావాలి, స్విఫ్ట్‌కు 4.8 చాలు. స్టీరింగ్ కూడా మలుపు తిరిగాక తనంతట తాను త్వరగా నిటారుకు రాదు, చేత్తో తెచ్చుకోవాలి. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఆ పని చేస్తే సాయంత్రానికి భుజాలకు తెలుస్తుంది.

చివరగా పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిను ఉన్న పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతమే. జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లే అయినా ఇంజిను 1462 సీసీ. అందుకని 40 శాతం. వానాకాలంలో కొన్నాళ్ల అవసరం కోసం ఏడాది పొడవునా ఇన్ని సర్దుబాట్లా? తారు రోడ్డుకు ఒక మంచి చిన్న కారు, గెడ్డ పొంగిన రోజుల్లో ఒక ఆటో. లెక్క ఇదే తేలుతుంది.

ఒంగోలు పాఠకుడు:
బ్రెజా తీసుకోండి మాస్టారూ. నేల నుంచి 198 మిల్లీమీటర్ల ఎత్తుంది, ఐదుగురు కూర్చోవచ్చు. జిమ్నీ ఎత్తు 210. ఆ 12 మిల్లీమీటర్ల కోసం ఇంత చర్చ అక్కర్లేదు.

రేగడి రైతు, ఆదిలాబాద్:
ఒంగోలు పాఠకుడు గారూ, తేడా 12 మిల్లీమీటర్లలో లేదు. బురదలో బండి ఆగిపోయేది పొట్ట నేలకు తగిలి మాత్రమే కాదు, ఇంజిను శక్తి అందే చక్రాలకు పట్టు దొరక్క. మాది నల్లరేగడి. ఒక్క గట్టి వాన పడితే ఆ మట్టి టైరు గాళ్లలో నిండి, టైరు మొత్తం నున్నగా అయిపోతుంది. అప్పుడు ముందు చక్రాలతో మాత్రమే లాగే కారు ఉన్నచోటే తిరుగుతూ గుంట తవ్వుకుంటుంది. నేల నుంచి ఎంత ఎత్తున్నా ఆ గుంటలోంచి లేవదు. ట్రాక్టరు పిలవాలి. ఊరంతా పొలాల్లో ఉండే రోజున ఏ ట్రాక్టరు ఖాళీగా ఉంటుంది?

జిమ్నీ బరువు 1200 కిలోల చిల్లర. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల పక్కన ఇది తేలిక, అందుకే మెత్తటి నేలలో తక్కువ దిగబడుతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి, నిదానంగా, ఎక్కువ బలంతో లాగడానికి కింద లో గేరు ఉంది. పత్తి ఏరే రోజుల్లో చేనుకు కూలీల భోజనాలు, తాగునీరు దాంట్లోనే తీసుకెళ్తాను. అదే బండిలో ఆదిలాబాద్ పట్టణానికి పెళ్లిళ్లకూ వెళ్తాం. మాకు ఇది సరదా బండి కానే కాదు.

కూకట్‌పల్లి వాసి గారు ఆటో అన్నారు. గెడ్డ పొంగిన రోజున ఆటో వస్తుందా అండీ? కారు పోలేని చోటికి మూడు చక్రాల బండి ఎలా పోతుంది?

గ్యారేజీ:
ఇరవై ఏళ్లుగా బండ్ల కింద పడుకుని పని చేస్తున్నవాణ్ని. మారుతి వాళ్ల పాత జీపు, జిప్సీలు కూడా చాలా విప్పాను. 1985లో వచ్చిన ఆ బండికి నాలుగు వైపులా కమాన్ కట్టలు ఉండేవి, అందుకే నడుములు విరిచేది. జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు. నిర్మాణం మాత్రం పాత పద్ధతే. విడి చాసిస్ మీద బాడీ, ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే ఇరుసు. ఒక పక్క చక్రం రాయి ఎక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది, దాంతోపాటు లోపలి మనుషుల తలలు అటూ ఇటూ ఊగుతాయి. మామూలు కారులో ఎడమ చక్రం గోతిలో పడితే కుడి పక్కకు ఇంతగా తెలియదు. ఈ ఊపు లోపం అనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లుంటారు. అది తయారీలోనే ఉన్న స్వభావం, ఏ షాక్ అబ్జార్బరు మార్చినా పూర్తిగా పోదు. టైర్లలో గాలి కంపెనీ చెప్పిన మేరకే ఉంచితే కొంత నయం. చాలామంది పెట్రోలు బంకులో ఎక్కువ కొట్టించి, ఆపైన బండిని తిడతారు.

మరొకటి, కొన్నవాళ్లే సరిగా తెలుసుకోనిది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని పొడి తారు రోడ్డు మీద ఆ లివరు వేసి తిరగకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ బండిలో ఆ తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ లేదు. ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి లోపలి పళ్లచక్రాలు బిగుసుకుంటాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు అరుగుతాయి. పొడి రోడ్డుపై వెనక చక్రాల మీదే నడపాలి. మట్టి, తడి రాళ్లు, జారుడు నేల వచ్చాక నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైకి మార్చాలి. తిన్నగా పోతున్నప్పుడు గంటకు వంద కిలోమీటర్ల లోపు ఉంటే ఆపకుండానే మారుతుంది. లో గేరుకు మాత్రం బండి ఆపాల్సిందే.

ఇంజిను నమ్మకమైనదే, బలమైనది కాదు. 134 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), అదీ ఇంజిను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగేటప్పుడు. నలుగురు మనుషులు, సామానుతో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు గేరు దించక తప్పదు. ఆటోమేటిక్‌కు గేర్లు నాలుగే. మాస్టారూ, మీ దారికి మాన్యువల్ తీసుకోండి.

మధురవాడ:
మాట్లాడుతున్నవాళ్లందరూ స్టీరింగ్ వెనక కూర్చునేవాళ్లే. మాస్టారు గారి అమ్మగారి గురించి ఒక్కరూ అడగలేదు.

మా ఇంట్లో జిమ్నీ ఉంది, నేనే నడుపుతాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మామూలు కారులో కిందికి దిగబడినట్టు కూర్చుని, లేచేటప్పుడు బాధపడేది. ఇందులో సీటు ఎత్తుగా ఉంది కాబట్టి దిగడం సులువు, ఎక్కడమే కష్టం. ముందు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద ఒక పిడి ఉంటుంది. అమ్మ దాన్ని పట్టుకుని, ముందు నడుము సీటు మీద ఆనించి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంటుంది. వానాకాలంలో గడప అంచున ఉన్న బురదంతా చీరకు అంటుకుంటుంది. అందుకే తలుపు అరలో ఒక పాత తువ్వాలు పెట్టుకున్నాను, ముందు అంచు తుడిచి తర్వాత ఎక్కిస్తాను. వెనక సీటు సంగతి వేరు. చక్రం గూడు లోపలికి చొచ్చుకొచ్చి తలుపు దారి ఇరుకవుతుంది, అమ్మ అటువైపు వెళ్లనే వెళ్లదు.

మాస్టారూ, మాడుగుల దాటాక మొదలయ్యే మీ ఘాటు రోడ్డు మీద గ్యారేజీ గారు చెప్పిన ఊపు వెనక కూర్చున్నవాళ్లకు ఎక్కువ తెలుస్తుంది. పిల్లలకు వాంతులు అయ్యే అలవాటుంటే ముందే చూసుకోండి. భద్రత కూడా తూకం వేయండి. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, అది మంచిదే. అయితే మూడు తలుపుల జిమ్నీకి 2018లో యూరో ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్ది చూసే భద్రతా పరీక్షలో ఐదుకు మూడు నక్షత్రాలే వచ్చాయి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మహీంద్రా థార్‌కు నాలుగు ఇచ్చింది. రెండూ వేర్వేరు పరీక్షలు కాబట్టి పక్కపక్కన పెట్టి చూడకూడదు. అయినా పిల్లలున్న ఇల్లు ఈ సంగతి తెలుసుకునే కొనాలి.

నన్ను అడిగితే కొనమనే చెబుతాను. కానీ అమ్మగారిని ఎక్కించి చూడకుండా బయానా ఇవ్వకండి.

నెల్లూరు నుంచి:
థార్‌లో 1.5 లీటర్ల డీజిలు బండికి ఇప్పుడు 18 శాతం పన్నే. దాని గురించి ఎవరూ చెప్పలేదు.

గ్యారేజీ:
నిజమే, కానీ ఆ ఇంజినుతో వచ్చే థార్ వెనక చక్రాల బండి, ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. మాస్టారి గెడ్డ దగ్గర దానితో లాభం లేదు. పైగా మూడు తలుపులే, ముసలావిడ వెనక్కి ఎక్కలేదు.

కూకట్‌పల్లి వాసి:
రేగడి రైతు గారి అవసరాన్ని నేను కాదనడం లేదు. చేలోకి వెళ్లే మనిషికి అది పనిముట్టు. నా అభ్యంతరం వేరు. మా వీధిలో ఇలాంటి బండ్లు కొన్న చాలామంది ఆ లివరును ముట్టుకోనేలేదు. వాళ్లు దాని బరువూ ఊపూ పెట్రోలూ భరిస్తున్నారు, దాని సాయం మాత్రం వాళ్లకు ఎన్నడూ అక్కర్లేదు. మాన్యువల్‌కు లీటరుకు 16.94 కిలోమీటర్లని కంపెనీ లెక్క. నగరం రద్దీలో ఆ దరిదాపులకు రాదు. ట్యాంకు 40 లీటర్లే. మాస్టారి దారి నిజంగా అంత చెడ్డదా, లేక నిదానంగా పోతే మామూలు కారు చాలా? అది ఆయనే చెప్పాలి.

పాడేరు మాస్టారు:
చెబుతాను. అందరికీ కృతజ్ఞతలు.

మా బడి ఉన్న ఊరికి 108 బండి తారు రోడ్డు చివరి దాకానే వస్తుంది. అక్కడి నుంచి వాన రోజుల్లో నడకే. నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తారు. వెదురు కర్ర, దుప్పటి, ముందొకరు వెనకొకరు, గెడ్డ దాటేటప్పుడు పక్కన మరో ఇద్దరు పట్టుకుంటారు. ఏజెన్సీ ప్రాంతం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. నేను బడికి వెళ్లే దారీ అదే. నా బండి ఆ ఊరి దాకా పోగలిగితే కనీసం నేను ఉన్న వేళల్లోనైనా ఆ డోలీ అవసరం తప్పుతుంది. రోడ్డు వేయాల్సింది ప్రభుత్వమే, వేయాలని మేం అర్జీలు పెడుతూనే ఉన్నాం. అది పడేదాకా పిల్లలకు పాఠాలు ఆగకూడదు, జ్వరంతో ఉన్న మనిషి ఆగకూడదు.

మొదటి టపాలో ఇది రాయలేదు. కారు ప్రశ్నను కారు ప్రశ్నగానే అడగాలనుకున్నాను. కూకట్‌పల్లి వాసి గారు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్పాను. చెల్లెలు పండక్కి వస్తే నేను బస్సులో వెళ్తాను, దానికి నాకు ఇబ్బంది లేదు. మధురవాడ గారి మాట ప్రకారం ఆదివారం అమ్మను విశాఖ తీసుకెళ్లి ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ కూర్చోబెట్టి చూస్తాను. పడుకున్న మనిషిని తీసుకెళ్లడానికి వీలుంటుందా? ఆ గెడ్డలో ఎంత లోతు దాకా దిగవచ్చు?

కూకట్‌పల్లి వాసి:
మీరు చెప్పిన దారికి నా లెక్క వర్తించదు. కొనండి మాస్టారూ. నగరంలో తారు రోడ్డు దిగనివాళ్లకు మాత్రం వద్దనే అంటాను.

రేగడి రైతు, ఆదిలాబాద్:
ముందు సీటు తల ఆనుకునే దిండు తీసి, వీపును పూర్తిగా వెనక్కి వాల్చితే వెనక సీటుతో దాదాపు కలుస్తుంది. అతుకు దగ్గర కాస్త ఎత్తుపల్లం ఉంటుంది, దుప్పటి మడిచి వేస్తే సరిపోతుంది.

గ్యారేజీ:
నీళ్ల సంగతి జాగ్రత్తగా వినండి. ఈ బండి తేలిక అని రైతు గారు మెచ్చుకున్నారు. బురదలో అది మేలు, పారే నీటిలో అదే ప్రమాదం. చక్రం సగం మునిగే లోతులో కూడా వడి ఎక్కువైతే నీరు బండిని పక్కకు నెట్టేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలు లాగినా లాభం లేదు, కింద పట్టే ఉండదు. ముందు ఊరివాళ్లను అడగండి, వాళ్లకు ఏ రాయి ఎక్కడుందో తెలుసు. నీరు మట్టిరంగులో వడిగా వస్తుంటే లోతు ఎంతైనా సరే ఆగిపోండి. నిదానంగా పారుతూ, అడుగున రాయి ఉండి, చక్రం మధ్య భాగానికి కిందే ఉంటే లో గేరులో రెండో గేరు వేసి, మధ్యలో క్లచ్చు తొక్కకుండా, ఒకే వేగంతో దాటండి. ఒడ్డెక్కాక బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

టైర్ల సైజు 195/80 ఆర్15. కంపెనీ ఇచ్చేవి రోడ్డు టైర్లు, ఎర్రమట్టికి అవి త్వరగా నున్నబడతాయి. అవి అరిగేదాకా ఆగి, అదే సైజులో మట్టికీ రోడ్డుకూ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేయించండి. సైజు పెంచమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. ఈ ఇంజినుకు ఘాటులో ఉన్న కాస్త ఊపిరి కూడా పోతుంది.