సమస్యాపూరణం: అడుగు మాడిన యన్నమే యమృత మయ్యె

ఈ వారం తేటగీతి పాదం. వస్తువు: పెద్ద బోర్డూ ఆర్భాటమూ లేని ఓ చిన్న పారసీక హోటలు అనుకోకుండా కంటబడటం. మాడిన అన్నం ఎలా రుచిస్తుందన్నదే చిక్కు. ఇరానీయుల తహదీగ్ (గిన్నె అడుగున కరకరలాడేలా కాల్చిన అన్నపు పొర) తిన్నవాళ్లకు అది చిక్కే కాదు. తిననివాళ్లను ఒప్పించండి.

పూరణ 1
బల్ల లైదారు, గోడకుఁ బటము లేదు,
పారసీకుని చిన్నదౌ పాకశాల;
కుండ బోర్లింపఁ బళ్ళాన గుండ్రమైన
యడుగు మాడిన యన్నమే యమృత మయ్యె

– మొదటి పాదంతోనే హోటలు కళ్లకు కట్టింది. కానీ సమస్య విడలేదండీ. ‘గుండ్రమైన’ వల్ల ఆకారం తెలిసింది, రుచి తెలియలేదు. ‘గుప్పుమనుచు / నడుగు’ అని చూడండి. గణాలు చెడవు, యతి నిలుస్తుంది, కుంకుమపువ్వు వాసనా తగులుతుంది.
– బాగుంది, మార్చుకుంటాను.

పూరణ 2
నూనె పెరుగునుఁ గుంకుమ నొక్కటిగను
కలిపి యడుగునఁ బరచియు గంట సేపు
మూతకును గుడ్డ చుట్టఁగా ముద్దఁగాక
యడుగు మాడిన యన్నమే యమృత మయ్యె

– ‘ముద్దఁగాక’ పద్యానికి ప్రాణం. బియ్యం సగం ఉడికాక వార్చేసి, మళ్లీ సన్నసెగ మీద మగ్గిస్తారు. మూతకు చుట్టిన గుడ్డ ఆవిరిని పీల్చేస్తుంది కాబట్టి పైన మెతుకు మెతుకూ విడివిడిగా, అడుగున కరకరలాడే బంగారు పొర. కొందరు అడుగున బంగాళదుంప చక్రాలో లవాష్ రొట్టో పరుస్తారు. అంతా సరే, హోటలేదీ? ఇది వంటల పుస్తకం అయిపోయింది. ‘పరచియు’లో ‘యు’ కూడా దండుగే.
– వంటగది ఎదురుగా కనిపించే హోటలండీ అది. చూసిందే రాశాను!
– ఆ ముక్క పద్యంలో పడాలి కదా.

పూరణ 3
తొలుత వడ్డింప రద్దానిఁ దొరల కైన,
మెనువు లోపలఁ బేరైన మెదల దయ్య;
వంటవానిని నవ్వుతోఁ బలుకరించి
యడుగు, మాడిన యన్నమే యమృత మయ్యె

– భళా! ‘అడుగు’ను విరిచిన తీరుకు వీరతాడు వేయాల్సిందే. వ–బ యతి చెల్లుతుంది, అనుమానం వద్దు. ‘మెనువు’ ఒక్కటే పంటికింద రాయి.
– నాదో సందేహం. అడగమని ఇప్పుడు చెబుతూ ‘అయ్యె’ అంటే ఎలా? ఎవరికి అయింది?
– చెప్పేవాడికి! ముందే అడిగి తిన్నాడు కాబట్టే స్నేహితుడికి చెబుతున్నాడు.
– అలాగైతే ‘మెనువు’నూ క్షమించేద్దాం. వచ్చే వారం ఇరానీయుల ఆకుకూరల పులుసు ఘోర్మే సబ్జీ మీద కందపాదం. ‘సబ్జీ’తో పాదం ఎత్తుకుని ప్రాసకు ‘బ్జ’ తెప్పించనులెండి, టెన్షన్ పడకండి.