బ్రామ్స్ మొదటి పియానో ట్రియో: 1854 నాటి పాత రూపం ఎక్కడ దొరుకుతుంది?

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఇరవయ్యేళ్ల వయసులో పియానో, వయొలిన్, చెల్లోల కోసం రాసిన బి మేజర్ పియానో ట్రియో (ఓపస్ 8, అంటే రచన సంఖ్య 8) గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 1854లో అచ్చయిన దాన్ని ఆయనే 1889లో బాగా కుదించి తిరగరాశారు కదా, యూట్యూబ్‌లో ఏది పెట్టినా ఆ రెండోదే వస్తోంది. నాకు కావాల్సింది పాతది. మొదటి భాగంలో ఫ్యూగ్ (ఒకే రాగాన్ని వాద్యాలు ఒకదాని వెంట ఒకటి అందుకునే అల్లిక) ఉంటుంది, చివరి భాగంలో చెల్లో అందుకునే రాగంలో బీతోవెన్ పాట ఛాయ వినిపిస్తుంది. కొత్తదాంట్లో ఆ రెండూ ఎగిరిపోయాయి. స్కెర్ట్సో (వేగంగా సాగే రెండో భాగం) మాత్రం రెండింట్లోనూ దాదాపు ఒకటే, కాబట్టి అది విని ఏ రూపమో పోల్చుకోలేం. కొత్తది నున్నగా ఉంటుంది, కాదనను. కానీ ఆ కుర్రతనం దూకుడు నాకు ఇష్టం.

పాత రూపానికి మంచి రికార్డింగ్ ఏది? కొనేముందు కవర్ మీద ఏం చూడాలి? చెల్లో భాగం నొటేషన్ విడిగా దొరుకుతుందా?