అప్‌డేట్: స్పెయిన్‌లోని సలమాంకాలో హోస్ట్ ఫ్యామిలీతో నాలుగు రోజులు

స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చినా ఒక కుటుంబంతో ఉండగలనా, హాస్టల్ చూసుకోనా అని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది కుటుంబమే మేలన్నారు. సరేనని వచ్చేశాను.

భాష కంటే ముందు ఆకలి ఏడిపించింది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రి భోజనం తొమ్మిదింటి తర్వాతే. ఏడింటికే నేను వంటింట్లోకి తొంగిచూస్తుంటే ఇంటావిడ నవ్వి, ఒక కమలాపండు చేతిలో పెట్టింది.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. గౌరవంగా ‘ఉస్తెద్’ అంటే ఒప్పుకోదు, ‘తూ’ అనమంటుంది. అంత పెద్దావిడని ‘నువ్వు’ అనడానికి నోరు రావట్లేదు! పైగా క్రియ కూడా మార్చాలి, ‘తియెనె’ (మీకు ఉంది) కాస్తా ‘తియెనెస్’ (నీకు ఉంది) అవుతుంది. థాంక్స్ చెప్పడానికి నేను నేర్చుకున్న ‘గ్రాసియాస్’ ఇక్కడ ‘గ్రాథియాస్’.

నిన్న క్లాసు నుంచి వచ్చి, అలసిపోయానని చెప్పబోయి ‘కన్సాదో’ బదులు ‘కసాదో’ అన్నాను. అంటే పెళ్లయిందని! పెళ్లికూతురు ఎవరని రాత్రంతా ఒకటే ఆటపట్టించడం. ఆ నవ్వుల్లోనే నా టెన్షన్ సగం పోయింది.

హాస్టల్ వెతకడం మానేశాను. ఈ ఇంటి తాతగారు మాట్లాడే స్పీడు మాత్రం ఇంకా అందట్లేదు.