అప్‌డేట్: బంగారు పురుగు వీపు మీది తెల్ల మచ్చ పోయింది, మీసం గొడవ మిగిలింది

పోయిన నెల మిమ్మల్ని రెండు విషయాలు అడిగాను: బంగారు పురుగు వీపు మీద ఫ్లాష్ తెల్ల మచ్చలా ఎందుకు పడుతోంది, ఒక్కోదానిలో ఫోకస్ కొంచెం జరుపుతూ తీసిన పాతిక ఫొటోలు కలిపి ఒకటి చేస్తే మసకగా, మీసాలు రెండేసిగా ఎందుకు వస్తున్నాయి అని.

మచ్చ సంగతి తేలింది. డిఫ్యూజర్ (వెలుగును చెదరగొట్టే కాగితపు తెర) వాడమన్నవారి మాటే నిజం. నేను దాన్ని ఫ్లాష్ మూతికే అంటించడం తప్పు. వెలుగు మెత్తబడేది కాగితం వల్ల కాదు, పురుగు వైపు నుంచి ఆ వెలుగు ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్న దాన్నిబట్టి. ట్రేసింగ్ పేపరును వంచి, లెన్సు మీదుగా పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దాకా తెచ్చాను. మచ్చ పోవడమే కాదు, ఆ ఆకుపచ్చ పెంకు మీది సన్నని గుంటలు కూడా బయటపడ్డాయి!

మసకకు కారణం ఒక్కో ఫొటోలో ఎక్కువ లోతు రావాలని లెన్సు రంధ్రాన్ని మరీ చిన్నది చేసిన నా అత్యాశే. 1:1 దగ్గర, అంటే సెన్సర్ మీద పురుగు అసలు సైజులోనే పడేటప్పుడు, ఎఫ్16 పెడితే ఎఫ్32 పెట్టినట్టే; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, వెలుగు చెదిరి ఫొటో మసకవుతుంది. ఇప్పుడు ఎఫ్5.6, ఫొటోకూ ఫొటోకూ మధ్య ఫోకస్ జరుపు 0.2 మిల్లీమీటర్లు, ఫొటోలు నలభై దాటాయి. కదలకుండా ఉండేందుకు పురుగును ఫ్రిజ్‌లో పెట్టమన్న సలహాకు మాత్రం మనసొప్పలేదు. ఎండ తగలకముందే తుమ్మచెట్టు దగ్గరికి వెళ్తే అది మందకొడిగా కూర్చుని ఉంది.

ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో రెండు పద్ధతులూ వాడి చూశాను: డీమ్యాప్‌తో రంగు బాగుంది, కాళ్ల మీది నూగు చెడింది. పీమ్యాక్స్‌తో నూగు నిలిచింది, గరుకుదనం పెరిగింది. చివరికి మొదటిదాని మీద రెండోదాని కాళ్లు, మీసాలు అతికించాను. ఎడమ మీసం ఇంకా రెండుగానే ఉంది. పదిహేడో ఫొటో దగ్గర కదిపింది మరి. దాన్ని చేత్తోనే దిద్దుకోవాలి.