జ్వరం సర్వేలో "మాకేం లేదు" అని చెప్పడం తప్పా, కాదా?

చర్చ మొదలుపెట్టినవారు, ఖమ్మం:
కరోనా సమయంలో, 2021 మేలో తెలంగాణలో ఇంటింటికీ జ్వరం సర్వే చేశారు, గుర్తుందా? ఆశా కార్యకర్త మా గేటు దగ్గర నిలబడి "ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. "లేవమ్మా, అందరం బాగానే ఉన్నాం" అంది అమ్మ. లోపలి గదిలో నాన్న రెండు రోజులుగా దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉన్నారు. పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. ఆమె రిజిస్టర్‌లో రాసుకుని వెళ్ళిపోయింది. మందుల కిట్లు ఆమె సంచిలోనే ఉన్నాయి. భయంతో చెప్పినా అబద్ధం అబద్ధమే అంటాను నేను. మీరేమంటారు?

ఆటో డ్రైవర్, విజయవాడ:
అంత సులువుగా తప్పనకండి. 2020లో మా వీధిలో ఒక్క ఇంట్లో పాజిటివ్ వస్తే వీధి మొత్తానికి అడ్డంగా బొంగులు కట్టేశారు. ఆ ఇంటివాళ్ళని ఓనరు ఖాళీ చేయమన్నాడు. జబ్బు తగ్గాక కూడా వాళ్ళతో ఎవరూ మాట్లాడలేదు. నేను 14 రోజులు బండి తీయకపోతే ఫైనాన్స్ వాయిదా ఎవరు కడతారు? నిజం చెప్పినవాడికే శిక్ష వేస్తుంటే చెప్పమని ఎలా అడుగుతారు?

స్టాటిస్టిక్స్ లెక్చరర్, విశాఖ:
అన్న చెప్పిందే అసలు సంగతి. 2020 ఏప్రిల్ చివర్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆదేశం వచ్చింది. లక్షణాలు అడిగి కరోనా ముప్పు ఎంతో చెప్పే ఆరోగ్య సేతు యాప్‌లో 'సేఫ్' లేదా 'లో రిస్క్' అని చూపిస్తేనే ఆఫీసుకు బయల్దేరాలని. జవాబు మీద హాజరు ఆధారపడితే గొంతు నొప్పి ఉన్నా 'లేదు' అని నొక్కాలనే అనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లో దాదాపు 600 ఊళ్ళలో మాస్కుల మీద చేసిన అధ్యయనం నాకు అందుకే నచ్చింది. "పెట్టుకుంటున్నారా?" అని అడిగి ఊరుకోలేదు. మసీదుల దగ్గర, బజార్లలో మనుషుల్ని పెట్టి చూసి లెక్కించారు. మాస్కులు ఉచితంగా పంచి, పెట్టుకోమని గుర్తుచేసిన ఊళ్ళలో 42 శాతం మంది సరిగ్గా పెట్టుకున్నారు. మిగతా ఊళ్ళలో 13 శాతమే.

ఆశా కార్యకర్త, నల్గొండ జిల్లా:
ఆ సర్వేలో నేనూ తిరిగాను. "ఎవరికీ లేదు" అంటుంటేనే తలుపు వెనక నుంచి దగ్గు వినపడేది. అయినా వాళ్ళు చెప్పిందే రాసుకునేదాన్ని. ఇంటికెళ్ళి నా పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలంటే టెన్షన్. నాలుగైదు రోజులకి నేనే అడిగే తీరు మార్చాను. జ్వరం మాటెత్తకుండా "మాత్రల కవర్లు ఎన్ని ఇమ్మంటావమ్మా?" అనేదాన్ని. "రెండివ్వు" అనేవాళ్ళు. ఎలా వేసుకోవాలో చెబుతుంటే, ఎవరికి బాగాలేదో మెల్లగా బయటపడేది.

చర్చ మొదలుపెట్టినవారు:
అక్కా, మీలా అడిగి ఉంటే మా అమ్మ చెయ్యి చాచేదే. సర్వేలో చెప్పకపోవడం గురించి ఇంక గట్టిగా వాదించలేను. కానీ పక్కింటి పిల్లలిద్దరూ రోజూ మా మెట్ల మీదే ఆడుకునేవాళ్ళు. వాళ్ళమ్మకి చెబితే బొంగులు కట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడకీ చెప్పలేదు మేము.