యూరప్ కోటల్లో చైనా పింగాణీ, లక్కపని: చూసినవాళ్లు చెప్పరూ?

కృష్ణాతీరం: వచ్చే నెల అమ్మానాన్నలతో బెర్లిన్, డ్రెస్డెన్, వియన్నా వెళ్తున్నాం. అమ్మకి పింగాణీ అంటే ప్రాణం. ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి?

బెర్లిన్ కోడలు: షార్లటెన్‌బుర్గ్ కోటలో పింగాణీ గది వదలొద్దండీ. 1706 ప్రాంతం నాటిది. కింది నుంచి కప్పు దాకా నీలం తెలుపు పళ్లేలు, కూజాలు, మధ్యలో అద్దాలు. ఒక్క పళ్లెం అద్దంలో నాలుగై కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పాతవి చాలా పోయాయి, తర్వాత మళ్లీ నింపారు. మా అత్తయ్య అయితే, ఇన్నిటిని తుడిచి పెట్టేవాళ్ల చేతులకి దణ్ణం పెట్టాలి అన్నారు.

గాజువాక: డ్రెస్డెన్‌లో జ్వింగర్ అనే రాజభవనంలో డ్రాగూన్ కూజాలు చూడండి. డ్రాగూన్ అంటే గుర్రపు సిపాయి. 1717లో సాక్సనీ పాలకుడు అగస్టస్ తన సిపాయిల్ని 600 మందిని ప్రష్యా రాజుకిచ్చి, 151 చైనా పింగాణీ వస్తువులు తెచ్చుకున్నాడు. కూజాలు అందంగానే ఉన్నాయి. కానీ నాకు ఆ 600 ఇళ్లే గుర్తొచ్చాయి, ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

కృష్ణాతీరం: అయ్యో, ఇది తెలీదు. లక్కపని అంటే మన ఏటికొప్పాక బొమ్మల లక్కేనా?

చెక్కపని: కాదండీ. ఏటికొప్పాక లక్క పురుగు నుంచి వస్తుంది. చైనా, జపాన్ వాళ్లది చెట్టు పాలు. గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. పలచగా పూసి, ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ పూయాలి. ఆ చెట్టు యూరప్‌లో లేదు. అందుకని అక్కడి పనివాళ్లు పురుగు లక్కతోనే ఆ మెరుపు తేవాలని చూశారు. వియన్నాలో షోన్‌బ్రున్ కోటకి వెళ్తే ఒక గది తప్పకుండా చూడండి. 1765లో భర్త పోయాక ఆస్ట్రియా రాణి మరియా థెరిసా ఆయన గుర్తుగా చేయించింది. గోడలకి నల్ల లక్క పలకలు, వాటి మీద బంగారు రంగులో కొండలు, పూలు, పిట్టలు. వెలుతురు తగిలితే లక్క పాడవుతుంది కాబట్టి ఇలాంటి గదులు మసకగానే ఉంచుతారు. కళ్లు అలవాటుపడే దాకా కదలకండి.

బందరు బుల్లోడు: ఒక మాట. చైనాలో చెక్కి రంగులు నింపిన లక్క తెరల్ని (గుడ్డవి కాదు, చెక్క మడత తెరలు) యూరప్‌లో 'కోరమాండల్ లక్క' అంటారు. చేసింది చైనావాళ్లే, మన కోరమాండల్ తీరం రేవుల మీదుగా ఓడల్లో వెళ్లాయని ఆ పేరు. తెరలు కోసి గోడలకీ బీరువాలకీ అతికించేవాళ్లు. నేను చూసిన ఒక బీరువాలో మనిషి తల ఒక తలుపు మీద, ఒళ్లు ఇంకో తలుపు మీద ఉన్నాయి. అతుకులు చూడమని అమ్మగారికి చెప్పండి.